బొంత ఎక్కడ పూర్తవుతుంది?

అతుకుల బొంతల మీద వచ్చిన పుస్తకాలు తిరగేసినా, వీడియోలు చూసినా, నగరాల్లో వారాంతపు శిక్షణ తరగతులకు వెళ్ళినా ఎక్కువ మాటలు పైపొర గురించే వినిపిస్తాయి. ఏ రంగు పక్కన ఏ రంగు, చదరాలా త్రికోణాలా, నక్షత్రమా మెట్లా అన్నదాని మీద అధ్యాయాలకు అధ్యాయాలు నడుస్తాయి. లోపల ఏం పరచాలి, పొరలు జారకుండా ఎలా పట్టి ఉంచాలి, అంచు ఎలా మూయాలి, మొదటిసారి ఎలా ఉతకాలి అన్న సంగతులు చివరి రెండు పేజీల్లో ముగిసిపోతాయి. అందుకే ముక్కలన్నీ ముచ్చటగా కలిపి, ఇస్త్రీ చేసి, బీరువా పై అరలో పెట్టి మరిచిపోయిన పైపొరలు చాలా ఇళ్ళలో దొరుకుతాయి. అమెరికా, ఇంగ్లండ్ మ్యూజియాల్లోనూ అలాంటివి తక్కువేం లేవు. ముక్క ఆకారం చెడకుండా లోపల పెట్టి కుట్టిన కాగితాలు, అంటే పాత ఉత్తరాలు, వార్తాపత్రికలు, పద్దుపుస్తకాల చింపులు, కొన్నిటి వెనక ఇంకా అలాగే ఉన్నాయి. కుట్టినవాళ్ళ పని ఆగిపోవడం చరిత్రకారులకు కలిసొచ్చింది. ఆ కాగితాల మీది తేదీలను బట్టి గుడ్డ వయసు లెక్కకడుతున్నారు.

బొంత అనిపించుకోవడానికి కనీసం రెండు పొరలు, వాటిని కలిపి పట్టే కుట్టు, తెగని అంచు ఉండాలి. పైన అతుకులు ఉన్నా సరే, లేకపోయినా సరే. కళ్ళు పైపొర మీద నిలిచినా, బొంత ఇరవయ్యేళ్ళు బతుకుతుందా రెండో ఉతుకుకే ఉండలు కడుతుందా అన్నది మిగతావే తేలుస్తాయి. ఇంట్లో కుట్టుకోవాలనుకునే తెలుగువాళ్ళ ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. ఒకటి ఆన్‌లైన్ కిట్లతో వచ్చిన అమెరికా పద్ధతి. రెండోది చీరలు పరిచి కుట్టే దక్కన్ పద్ధతి. మన గుడ్డకూ మన వాతావరణానికీ రెండోదే మేలని నా అభిప్రాయం. అంచు కట్టడంలో మాత్రం మొదటిదాని దగ్గర నేర్చుకోవలసింది ఉంది.

ఈ రెండు కుటుంబాలకూ తేడా ఆకారాల్లో కన్నా పని జరిగే క్రమంలో కనిపిస్తుంది. అమెరికా, ఇంగ్లండ్ తరహాలో ముందు పైపొర విడిగా తయారవుతుంది. తరువాత దాని కింద దూదిపొర, ఆ కింద అడుగు గుడ్డ పరిచి, కచ్చాకుట్టు వేసి, మూడింటినీ కలిపి కుట్టి, చివర చుట్టూ పట్టీ వేస్తారు. ఏ దశకాదశ వేరు, ఏ దశ దగ్గరైనా పని ఆగిపోవచ్చు. బెంగాల్ కాంథా, బిహార్ సుజని, మహారాష్ట్ర గోధడి, ఉత్తర కర్ణాటక కౌది, మన బొంత మరో జాతికి చెందినవి. అరిగి మెత్తబడిన నూలుబట్టలను ఒకదానిమీద ఒకటి పరిచి, అన్నిటినీ ఒకేసారి గుచ్చుకుంటూ పోతారు. విడిగా పైపొర అన్నదే ఉండదు. జపాన్ ఉత్తర ప్రాంతంలో పత్తి పండని చలిచోట రైతు కుటుంబాలు జనపనార వంటి నారబట్టల పొరల మీద చిరుగుకొక ముక్క వేసి కుట్టుకుంటూ వచ్చిన బోరో బట్టలూ ఈ బంధువర్గమే.

అతుకుల పని ఎక్కడైనా పేదరికంలో పుట్టిందే అనుకోవడం ఒక అలవాటు. మన దగ్గర అది చాలావరకు నిజం. అమెరికా విషయంలో కాదు. అక్కడ తొలినాటి బొంతలు, వాళ్ళ మాటలో క్విల్ట్‌లు, కలిగినవాళ్ళ ఇళ్ళలోవి, చాలావరకు ఒకే గుడ్డతో చేసినవి. 19వ శతాబ్దంలో మిల్లులు వచ్చి అద్దకపు నూలుగుడ్డ చౌకయ్యాకే అతుకుల క్విల్ట్‌లు ఊరూరా వ్యాపించాయి. అంటే కొత్త గుడ్డ కొని ముక్కలు చేసి కుట్టడం అక్కడ మొదటినుంచీ ఉన్నదే. ఇంగ్లండ్ కథలో మన తీరానికి వాటా ఉంది. 1611లో ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ మచిలీపట్నంలో వర్తకశాల పెట్టింది. కోరమాండల్ అద్దకపు బట్టలు ఓడలెక్కి లండన్ పడకగదులకు చేరాయి. అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్ళు గగ్గోలు పెట్టడంతో 1721లో అద్దకపు నూలుగుడ్డల వాడకాన్నే నిషేధిస్తూ చట్టం తెచ్చారు. 1774 వరకూ అది నడిచింది. దొరికిన ప్రతి ముక్కకూ విలువ పెరిగిన కాలమది. ఇంగ్లండ్‌లో మిగిలిన అతి పాత అతుకుల పక్కదుప్పట్లలో ఒకటిగా చెప్పే లెవెన్స్ హాల్ దుప్పటి 1708 ప్రాంతానిదంటారు. అందులో ఉన్నవి భారతీయ అద్దకపు ముక్కలే.

ఇంకా వెనక్కి పోతే బౌద్ధ భిక్షువుల చీవరం కనిపిస్తుంది. మగధ వరిమళ్ళను, మధ్య గట్లను చూపించి అలాంటి అమరికలో ముక్కలు కలపగలవా అని బుద్ధుడు ఆనందుణ్ణి అడిగినట్టు వినయపిటకం చెబుతుంది. కొనేవాడికీ దొంగకీ పనికిరాకుండా గుడ్డను ముక్కలు చేసి, మళ్ళీ క్రమంగా కలిపి, చుట్టూ అంచుపట్టీ వేసేవారు. భిక్షువులకు చీవరం గుడ్డ ఇచ్చే కఠిన చీవర దానంలో నియమం మరీ గట్టిది. ఇచ్చిన గుడ్డను కత్తిరించడం, కుట్టడం, రంగు వేయడం అంతా మర్నాడు తెల్లవారేలోగా పూర్తికావాలి. సగం పనిని పక్కన పెట్టే వీల్లేకుండా చేసిన ఏర్పాటు ప్రపంచంలో ఇదొక్కటే కాకపోవచ్చు గానీ, నాకు తెలిసినవాటిలో ఇంత కచ్చితమైనది లేదు.

పని క్రమాన్ని అందరికన్నా తెలివిగా మలిచింది, నా లెక్కలో, ఉత్తర కన్నడ జిల్లా సిద్దీ స్త్రీలు. పశ్చిమ తీరానికి ఆఫ్రికా నుంచి బానిసలుగా, సైనికులుగా, నావికులుగా వచ్చినవాళ్ళ సంతతి వీరు. హళియాళ, యల్లాపుర, ముండగోడ ప్రాంతాల్లో హిందువులుగా, ముస్లింలుగా, క్రైస్తవులుగా ఉన్నారు. వాళ్ళు కుట్టే కవందికి అడుగున ఒక చీర ఉంటుంది. దాని మూల దగ్గర కూర్చుని, పాతబట్టల ముక్కను వేలితో అంచు లోపలికి మడిచి, నేరుగా అడుగు గుడ్డ మీదే గుచ్చుతారు. నాలుగు అంచుల వెంబడి తిరుగుతూ, వరుసలు లోపలికి తోసుకుంటూ నడిమికి చేరతారు. ముక్కకు ముక్క అతికించడం, పొరలను కలపడం, అంచు మూయడం మూడూ ఒకే దారంతో, ఒకే నడకలో జరిగిపోతాయి. చివరికి నాలుగు మూలలా గుడ్డను మడతలు పెట్టి చేసిన చిన్న పూలు కుడతారు. వాటిని ఫూల అంటారు. అవి లేకపోతే వాళ్ళ దృష్టిలో కవంది పూర్తికానట్టే.

కిట్ల పుస్తకాలు ఇందుకు సరిగ్గా ఎదురు చెబుతాయి. నడిమి నుంచి మొదలుపెట్టి బయటికి కుట్టాలని, లేకపోతే మధ్యలో గుడ్డ ఉబ్బి మడతలు పడుతుందని హెచ్చరిస్తాయి. ఎవరి లెక్క వాళ్ళకు నిజమే. మందమైన దూదిపొర ఉన్నప్పుడు సూది వెళ్ళినకొద్దీ వదులు ముందుకు తోసుకుపోతుంది. దాన్ని అంచులోకి నెట్టేసి తరువాత కత్తిరించడమే దారి. కవందిలో ఉబ్బే దూది లేదు. పైగా ముక్కలు ముందే కొలిచి కోసినవీ కావు. అంచు ముందే మూసుకుపోయింది కాబట్టి కొలత స్థిరం. లోపల మిగిలిన ఖాళీని బట్టి ముక్కను అప్పటికప్పుడు మడుచుకుంటారు, వదులేమైనా ఉంటే ఆ మడతల్లో కలిసిపోతుంది. స్కేలు, రోటరీ కట్టరు, కోతచాప ఏవీ అక్కర్లేవు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు ఇంతకంటే క్షమించే పద్ధతి నేను చూడలేదు. పై అరలో మిగిలిపోయే పైపొర ఇందులో పుట్టనే పుట్టదు.

మన బొంత సంగతికి వస్తే, దాని గణితమంతా చీర మీదే నడుస్తుంది. ఐదున్నర మీటర్ల చీర పొడవును సగానికి మడిస్తే రెండు పొరలు, రెండు మీటర్ల డెబ్భై అయిదు సెంటీమీటర్ల పొడవు, మీటరుకు కాస్త ఎక్కువ వెడల్పు వస్తాయి. ఒక మనిషి పడకకు అది సరిపోతుంది. అలాంటివి రెండు కలిపితే నాలుగు పొరలు. పైనా కిందా కాస్త గట్టి చీరలు, లోపల బాగా అరిగినవి, పంచెలు, చిరిగిన దుప్పట్లు పెడతారు. నేల మీద పరిచి, మూలల మీద బరువులు పెట్టి, ముడతలు లాగి, ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చుంటే పని సాగుతుంది. కొన్ని ఊళ్ళలో చీరలు ఇస్తే కూలికి కుట్టిపెట్టేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఇది కప్పుకోవడానికీ పరుచుకోవడానికీ రెండింటికీ పనికొస్తుంది. రజాయి అంత వెచ్చగా ఉండదు, ఎందుకంటే వెచ్చదనం పొరల మధ్య చిక్కిన గాలిలో ఉంటుంది, ఒత్తుగా కుట్టిన చీరల్లో గాలికి చోటు తక్కువ. మన శీతాకాలానికి అంత అవసరం లేదు కూడా. పసిపిల్లల కింద వేసే చిన్న బొంతకైతే తడి పీల్చడం, తొందరగా ఆరడం ముఖ్యం. ఆ రెండిటిలో పాత నూలును మించింది రాలేదు.

చిక్కల్లా ఇప్పటి బీరువాల్లో నూలు చీరలు పలచబడటంతో వచ్చింది. పాలియెస్టర్, జార్జెట్, నైలాన్ కలిసిన చీరలు బొంతకు పనికిరావు. ఒకదానిమీద ఒకటి జారతాయి, చెమట పీల్చవు, ఎన్నేళ్ళు వాడినా నూలులా మెత్తబడవు. వేడి ఇస్త్రీ తగిలితే అతుక్కుపోతాయి. గుడ్డ ఏదో తెలియనప్పుడు ఒక పోగు లాగి వెలిగించి చూడాలి. నూలు కాగితంలా కాలి బూడిదవుతుంది, సింథటిక్ కరిగి గట్టి పూసగా మిగులుతుంది. మంగళగిరి, నారాయణపేట వంటి చేనేత చీరలు పాతబడితే భాగ్యమే. అవి లేనివాళ్ళకు మన వీధుల్లోనే ఒక నిధి ఉంది. జాకెట్ గుడ్డలు అమ్మే మ్యాచింగ్ సెంటర్. అక్కడి టూ బై టూ గుడ్డ సన్నని నూలుతో గట్టిగా నేసినది, మడత నిలుపుతుంది, వందల రంగుల్లో దొరుకుతుంది. దర్జీల దగ్గర మిగిలే కత్తిరింపులు అడిగితే ఊరికే కూడా ఇస్తారు. అమెరికా నుంచి తెప్పించే క్విల్టింగ్ నూలు ధర చూశాక ఎవరైనా ఈ దారే పడతారు. పాత గుడ్డనూ కొత్త గుడ్డనూ పక్కపక్కన వేసేటప్పుడు మాత్రం కొత్తదాన్ని ముందుగా ఉతికి ఆరేయాలి. నూలు మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది. ముదురు ఎరుపు, నీలం, నలుపు ముక్కలను తడిపి తెల్లగుడ్డ మీద నొక్కి రంగు దిగుతుందేమో చూసుకోవాలి.

ముక్కలు కలిపేటప్పుడు అతుకుకు పావు అంగుళం వదలమని పుస్తకాలు చెబుతాయి. మిల్లు గుడ్డకు అది చాలు. వదులుగా నేసిన చేనేతకు అర అంగుళమైనా వదలాలి, పోగులు ఊడిపోతాయి. ముక్కను పడుగు పేకల వెంబడి నిటారుగా కోస్తే సాగదు, ఏటవాలుగా కోస్తే సాగుతుంది. త్రికోణాలున్న నమూనాల్లో మూలలు కుదరకపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. పలుచగా గంజి పెట్టి ఇస్త్రీ చేశాక కోయడం దీనికి పాత మందు. పైపొర గురించి ఇంతకన్నా చెప్పను. చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు.

లోపలి పొర దగ్గర అసలు నిర్ణయం మొదలవుతుంది. ఏకిన దూది, షీటుగా అమ్మే నూలు లేదా పాలియెస్టర్ పొర, పాత దుప్పటి, ఇవీ అందుబాటులో ఉన్నవి. మన ఊళ్ళలో దూదేకులవారు విల్లుతో దూది ఏకి, పరుపులూ రజాయిలూ కుట్టేవారు. విల్లు పోయి యంత్రం వచ్చినా ఏకిన దూది స్వభావం మారలేదు. పోగులు ఒకదానికొకటి పట్టుకునే బలం తక్కువ కాబట్టి, కుట్టు వరుసలు రెండంగుళాలకు మించి దూరమైతే ఉతికినప్పుడు ఉండలు కడుతుంది. బజారు రజాయిలను ఉతకకుండా ఎండబెట్టి, దూది తీసి మళ్ళీ ఏకించి నింపించుకునే అలవాటు అందుకే వచ్చింది. షీటుగా దొరికే పొరల్లో పోగులను ముందే కలిపి బిగిస్తారు, కాబట్టి వరుసలను ఇంకా దూరంగా వేయవచ్చు. ఎంత దూరమన్నది ఆ పొట్లం మీదే రాసి ఉంటుంది, చదవాలి. బూరుగు దూది దిండ్లకు బ్రహ్మాండం, బొంతకు వద్దు. దాని పోగు నున్నగా జారుడుగా ఉంటుంది, కుట్టుల మధ్య నిలవదు. మన ప్రాంతానికి నా ఓటు పాత పలుచని నూలు దుప్పటికే. ఖర్చు లేదు, ఉండలు కట్టదు, కుట్టేటప్పుడు సూదికి అడ్డం రాదు.

కచ్చాకుట్టు అందరూ దాటేసే పని. అడుగు గుడ్డను తిరగేసి నేలకు టేపుతో బిగించి, దాని మీద మిగతా పొరలు పరిచి, అరచేతి వెడల్పున అడ్డంగా నిలువుగా పొడుగు కుట్లు వేయాలి. పిన్నులు పెట్టవచ్చు, అయితే తుప్పు పట్టేవి కాకూడదు, వానాకాలంలో మరీ. వరుసలు గీసుకోవడానికి అరిగిన సబ్బుబిళ్ళ అంచును మించిన సాధనం లేదు. ఇస్త్రీ వేడికి మాయమయ్యే పెన్నులు ఇప్పుడు అందరి చేతుల్లో ఉన్నాయి. ఆ సిరా పోదు, కనబడకుండా ఉంటుందంతే. సున్నకు పది డిగ్రీల కింది చలిలో మళ్ళీ పైకి తేలుతుంది. విజయవాడలో దానితో ఏ ఇబ్బందీ లేదు, చికాగోలో ఉన్న మనవరాలికి పంపే బొంత మీద మాత్రం వాడకండి.

ఇక కుట్టు. దారం పొట్టిగా, మూర పొడవున తీసుకుని, తేనెమైనం మీద ఒకసారి లాగితే చిక్కుపడదు. ముడి చిన్నది వేసి, గుడ్డ పైనుంచి గుచ్చి మెల్లగా లాగితే 'టక్'మని లోపలి పొరలోకి దిగి కనబడకుండా పోతుంది. సన్నపని చేసేవాళ్ళు క్విల్టింగ్‌కు వాడే పొట్టి సూదితో అంగుళానికి పది కుట్లు వేస్తారు. బొంతకు అంత పట్టింపు అక్కర్లేదు. అంగుళానికి నాలుగైదు సమానంగా పడితే చాలు, కుట్ల సమానత్వమే చూపుకు అందం, గుడ్డకు బలం. మధ్యవేలికి ఇత్తడి తొడుగు పెట్టుకోకపోతే నాలుగు పొరలు గుచ్చేసరికి వేలు పుండవుతుంది. దారం నూలుదే ఉండాలి. అరిగిన చీరలో నైలాన్ దారం వేస్తే లాగుడు పడ్డప్పుడు గుడ్డే తెగుతుంది. దారం తెగితే మళ్ళీ కుట్టవచ్చు. కాంథా కుట్టేవాళ్ళు చీర అంచుల్లోంచి లాగిన పోగులనే దారంగా వాడేవారు, గుడ్డా దారమూ ఒకే వయసు, ఒకే బలం. కుట్టుమిషన్ వాడటం మీద నాకు పేచీ లేదు. ముక్కలు కలపడానికి, అంచు పట్టీ మొదటి కుట్టుకు అదే మేలు. పొరలు కలిపే పనికి మాత్రం ఇళ్ళలో ఉండే మామూలు మిషన్ అంత అనువు కాదు. పై గుడ్డ ముందుకు, కింది గుడ్డ వెనక్కి పాకి ముడతలు వస్తాయి, పైగా పెద్ద బొంతను ఆ చిన్న సందులో చుట్టి దూర్చడమే ఒక కుస్తీ.

అంచు దగ్గర మన బొంత వెనకబడింది, ఒప్పుకోవాలి. సాధారణంగా అన్ని పొరలనూ లోపలికి మడిచి ఒక వరుస కుట్టేస్తారు. బొంత ఎక్కడ వాడినా మొదట అరిగేది ఆ మడతే, అక్కడ చిరిగితే లోపలి చీరలన్నీ బయటపడతాయి. అమెరికా పద్ధతిలో వేసే జోడుమడత పట్టీ దీనికి సరైన జవాబు. రెండున్నర అంగుళాల వెడల్పు పట్టీని నిలువునా సగానికి మడిచి, తెరిచి ఉన్న పక్కను బొంత అంచుకు కలిపి ముందునుంచి కుట్టి, మడత పక్కను వెనక్కి తిప్పి చేత్తో కనబడకుండా కుడతారు. అరిగేచోట రెండు పొరల గుడ్డ ఉంటుంది. మూల దగ్గర పావు అంగుళం ముందే కుట్టు ఆపి, పట్టీని పైకి మడిచి మళ్ళీ కిందికి దించితే కోణం శుభ్రంగా వస్తుంది. గుండ్రని మూలలుంటేనే పట్టీని ఏటవాలుగా, దర్జీల భాషలో క్రాస్‌గా కోయాలి. నేరు అంచులకు పడుగు వెంబడి కోసినది చాలు.

ఇక్కడే చీరది ఇంకో లాభం. అరవై అంగుళాల వెడల్పు, తొంభై అంగుళాల పొడవు బొంత చుట్టుకొలత 300 అంగుళాలు. మూలలకు, అతుకులకు కలిపి 312 అనుకుందాం. ఒక చీరకు రెండు అంచులు, ఒక్కోటి 216 అంగుళాల పైనే. నూలు అంచును కాస్త చీర గుడ్డతో కలిపి కోస్తే ఒక్క చీరలోంచే పట్టీ మొత్తం వస్తుంది, ఇంకా మిగులుతుంది. చీర ఒళ్ళు అరిగినా అంచు తరచుగా గట్టిగానే ఉంటుంది, కాబట్టి లెక్క కుదురుతుంది. జరీ అంచు మాత్రం వద్దు, గీసుకుంటుంది, పట్టీ మడతలో తెగుతుంది.

పూర్తయిన బొంతను వాడాలా, గోడకు వేలాడదీయాలా అన్న వాదం పాతదే. అమెరికా రచయిత్రి ఆలిస్ వాకర్ 1973లో రాసిన 'ఎవ్రీడే యూజ్' కథంతా ఆ తగవు చుట్టూ తిరుగుతుంది. అంతకు రెండేళ్ళ ముందు, 1971లో, న్యూయార్క్ విట్నీ మ్యూజియం అమెరికా క్విల్ట్‌లను నైరూప్య చిత్రాల్లా గోడలకెక్కించింది. 2002లో అలబామా నదిమలుపులోని జీస్ బెండ్ నల్లజాతి స్త్రీల క్విల్ట్‌లు హ్యూస్టన్‌లో మొదలై విట్నీకి చేరాయి, 2006లో తపాలా బిళ్ళల మీదికెక్కాయి. పాత పనిబట్టలతో, ఒక కాలంలో సియర్స్ కంపెనీ ఆర్డరు పని తరువాత మిగిలిన కార్డురాయ్ ముక్కలతో కుట్టినవవి. విమర్శకులు ఆధునిక చిత్రకళతో పోల్చి పొగిడారు. ఆ పొగడ్తంతా మళ్ళీ పైపొరకే దక్కింది. గాలి దూరే చెక్క ఇళ్ళలో పిల్లల్ని వెచ్చగా ఉంచిన కుట్టు గురించి ఎవరూ పెద్దగా రాయలేదు. ఇందుకు భిన్నమైనది ఎయిడ్స్‌తో పోయినవాళ్ళ జ్ఞాపకార్థం తయారైన క్విల్ట్. 1987 అక్టోబరు 11న వాషింగ్టన్‌లో పరిచినప్పుడు అందులో 1,920 పలకలున్నాయి. ఒక్కోటి మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవు, దాదాపు సమాధి కొలత. ఎనిమిదింటిని పన్నెండడుగుల చదరంగా కలిపి, చుట్టూ గట్టి గుడ్డ అంచు వేయబట్టే వేలకొద్దీ పలకలను పరచడం, మడవడం, ఊళ్ళు తిప్పడం సాధ్యమైంది.

బొంతల చుట్టూ కథలు కూడా పొరలు పొరలుగా పేరుకుంటాయి. అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచి పారిపోయే బానిసలకు క్విల్ట్ నమూనాలే రహస్య సంకేతాలని 1999లో వచ్చిన ఒక పుస్తకం ప్రచారంలోకి తెచ్చింది. ఆధారాలు లేవని క్విల్ట్ చరిత్రకారులు ఎంత చెప్పినా పాఠశాలల్లో ఇంకా వినిపిస్తూనే ఉంది. దేవుడొక్కడే పరిపూర్ణుడని ఆమిష్ అనే క్రైస్తవ శాఖ స్త్రీలు కావాలని ఒక తప్పు కుడతారన్నదీ అలాంటిదే. మామూలు పొరపాట్లకు అంత వేదాంతం అక్కర్లేదు.

అమ్మ పట్టుచీరలతో జ్ఞాపకం బొంత కుట్టించుకోవడం ఇప్పుడు మోజుగా ఉంది. తొందరపడవద్దంటాను. 1880ల్లో అమెరికాలో పట్టు, మఖమలు ముక్కలతో వెర్రిగా వ్యాపించిన క్రేజీ క్విల్ట్‌లు ఈరోజు మ్యూజియాల్లో పొడిపొడిగా రాలుతున్నాయి. బరువు పెంచి అమ్మడానికి ఆనాటి పట్టులో లోహ లవణాలు ఎక్కించడమే కారణం. మన చీరల్లో ఆ బెడద అంతగా లేకపోయినా, ఏళ్ళకొద్దీ ఒకే మడతలో ఉన్న పట్టు ఆ మడత వెంట చీలుతుంది, జరీ పక్కనున్న పట్టుపోగును కోస్తుంది. కుట్టాలనుకుంటే ప్రతి ముక్క వెనక పలుచని నూలుగుడ్డ వేసి, మడతల చోట్లు వదిలేసి, ఉతికే అవసరం రాని చిన్న గోడతెరగా చేసుకోవడం క్షేమం. పాత కలంకారీకి వేరే జబ్బు ఉంది. ఇనుము, బెల్లం పులియబెట్టి చేసిన నల్లరంగు కాలంతో గుడ్డను తినేస్తుంది. తొలినాటి అద్దకపు దుప్పట్లలో ముందుగా పోయినవి నల్లని గీతలే.

ఉతకడం సగం కుట్టు లాంటిదే. చన్నీళ్ళు, కుంకుడు రసం లేదా మెత్తని సబ్బు, బండ మీద బాదడం లేదు, పిండి మెలితిప్పడం లేదు. తడిసిన బొంత బరువు చాలా ఎక్కువ. దండెం మీద వేలాడేస్తే ఆ బరువంతా ఒక వరుస కుట్ల మీద పడి తెగుతాయి. మంచం మీదో, చాప పరిచిన డాబా మీదో బల్లపరుపుగా, నీడ కలిసిన ఎండలో ఆరేయాలి. ఇనుప బీరువాలో పెట్టేముందు పాత తెల్ల పంచెలో చుట్టాలి. అట్టపెట్టె, పాత కాగితం తగలకూడదు, వాటిలోని ఆమ్లం గుడ్డను పసుపు చేస్తుంది. ఏడాదికి రెండుసార్లు తీసి, వేరే చోట మడవాలి. వేపాకులు ఎండినవి, చిన్న సంచీలో కట్టి పెట్టవచ్చు.

చిరుగు పడితే ముందు చూడాల్సింది పట్టీని. ఒక్క పక్క అరిగితే ఆ పక్కే విప్పి కొత్తది వేస్తే చాలు. పైపొరలో ముక్క చిల్లు పడితే దాన్ని తీయకుండా మీద మరో ముక్క మడిచి గుచ్చాలి. కిందిది కదిలిస్తే చుట్టూ కుట్లు వదులవుతాయి. మొత్తం పలుచబడితే పైనా కిందా ఒక్కో నూలు చీర పరిచి, పాత కుట్టు వరుసల మధ్య కొత్త వరుసలు వేస్తే మరికొన్నేళ్ళు నడుస్తుంది. పాత క్విల్ట్ విప్పితే లోపల అంతకన్నా పాతది నడిమిపొరగా బయటపడటం ఇక్కడా అక్కడా మామూలే. పొరలు ఆరేడు దాటాక సూది దిగదు, ఉతికితే రెండు రోజులకు గానీ ఆరదు. ఆ దశకు వచ్చినదాన్ని నాలుగు ముక్కలుగా కోసి, అంచులు మడిచి కుట్టి, గుమ్మాల ముందు కాళ్ళు తుడుచుకునే పట్టాలుగా వేసుకోవచ్చు.